పోవలసిన జాబు పోకున్నప్పుడు



ఈ నెల మన గృహయంత్రముల శీర్షికలో ఈమెయిలును గూర్చి ముచ్చటించుకొందము. జాబులు రాకపోవుటను గూర్చి కాదు. మనము వ్రాసిన జాబులు పోకపోవుటను గూర్చి. రావలసిన జాబు రానియెడల మనకు వెంటనే తెలియును. ఎదురుచూచుచుందుము కనుక ఆరా తీయుదుము. కాని మన జాబు పోనియెడల ఆ సంగతి చెప్పువారు తఱచుగా నుండరు. అవతలివారికి జాబు రావలసియున్నదనియే తెలియదు. మనమో, పోయినదని తలంచి నిశ్చింతగా నుందుము. ఇంతలో కుమార్తె కళాశాల దరఖాస్తునకు గడువు దాటిపోవును. వైద్యునికి పంపిన రక్తపరీక్షా ఫలితములు మన యంత్రమునందే నిలిచియుండును. ఇంటియొద్ద పచ్చళ్లు పెట్టి విక్రయించు సోదరి ధరల పట్టికను పంపితినని తలంచుచుండగా, కొనదలచినవారు బదులు లేదని మఱియొకరి యొద్దకు పోవుదురు.

దీనికంటె పెద్ద నష్టము మఱియొకటి కలదు. ఇట్టి చిక్కు వచ్చినప్పుడు మనలో పెక్కుమంది ఫోనును, పాస్‌వర్డును కూడ పొరుగింటి బాలుని చేతికో, మరమ్మతు చేయువాని చేతికో ఇచ్చివేయుచున్నారు. ఇది బీరువా తాళపుచెవిని వీథిలో నుంచుట వంటిది. ఇతర ఖాతాల పాస్‌వర్డు మఱచినప్పుడు, క్రొత్తది పెట్టుకొనుటకు వలయు జాబు సామాన్యముగా మన ఈమెయిలు పెట్టెకే వచ్చును. అనగా ఈ పెట్టె యెవరి చేతిలో నున్నదో, తక్కిన పెట్టెలు పెక్కు వారి చేతిలో నున్నట్లే. కావున ఈ చిక్కును మనమే విప్పుకొన నేర్చుట అవసరము. అది కష్టమైన విద్య కాదు. పొయ్యి మండనప్పుడు సిలిండరు నిండుకొన్నదా, రెగ్యులేటరు సరిగా కూర్చున్నదా, బర్నరు రంధ్రములు మూసికొన్నవా యని వరుసగా చూడమా? ఇదియు నట్టిదే.

రెండు దారులు

మొదట నొక సంగతి మనస్సున నిలుపుకొనవలెను. జాబులు వచ్చు దారియు, పోవు దారియు ఒకటి కాదు. తపాలాబంట్రోతు జాబులను మన గుమ్మమునకు దెచ్చి యిచ్చును. మనము వ్రాసిన జాబును మాత్రము వీథి చివరనున్న యెఱ్ఱ డబ్బాలో మనమే వేసి రావలెను. బంట్రోతు ప్రతిదినము వచ్చుచున్నంత మాత్రమున ఆ డబ్బా మూత తెఱచియున్నదని చెప్పజాలము. ఈమెయిలునందును ఇంతే. వచ్చిన జాబులను తెచ్చుకొను పద్ధతికి ఐమాప్ అనియు, పాప్ అనియు పేర్లు. పంపు పద్ధతికి ఎస్.ఎం.టి.పి. అని పేరు. ఈ రెండింటికిని సర్వర్లు వేఱు, పోర్టు సంఖ్యలు వేఱు. కంప్యూటరులోని మెయిలు ప్రోగ్రాములలో పాస్‌వర్డు నమోదు చేయు చోట్లు కూడ వేఱుగా నుండవచ్చును. అందుచేతనే ఉదయమునుండి జాబులు వచ్చుచున్నను, ఒక్కటియు పోకుండుట సంభవము.

పోవు దారికే ఇన్ని తాళము లేలయని అడుగవచ్చును. దీనికొక చరిత్ర కలదు. ఒక కంప్యూటరునుండి మఱియొక కంప్యూటరునకు జాబు పంపుటను 1971లో అమెరికాలో రే టామ్లిన్సన్ అను ఇంజనీరు సాధించెను. చిరునామా నడుమ నుండు 'ఎట్' గుర్తును ఎన్నుకొన్నవాడు నతడే. జాబులు పంపు ఎస్.ఎం.టి.పి. నియమములను జొనాథన్ పోస్టెల్ 1982లో ప్రకటించెను. ఆ దినములలో ఈ సాధనమును వాడువారు పరిశోధకులే. ఒకరి నొకరు నమ్మినవారు. కావున పంపువారెవరో విచారించు ఏర్పాటు ఆ నియమములలో లేకపోయెను. తరువాత లోకమంతయు వచ్చి చేరెను, మోసగాండ్రును వచ్చిరి. ఇతరుల పేర దొంగ జాబులు లక్షలుగా పంపసాగిరి. అందుచే పంపు ద్వారమునకు ఒకదాని వెనుక నొకటిగా తాళములు పడినవి. మన జాబును ఆపునది తఱచుగా ఈ తాళములలో నొకటియే.

జాబు ఎచట నున్నది?

విచారణ ప్రారంభించుటకు ముందు జాబు ఎక్కడ నిలిచినదో చూడవలెను. మూడు చోట్లు కలవు.

మొదటిది ఔట్‌బాక్సు. జాబు ఇక్కడ నున్నయెడల అది ఇంకను ఇల్లు దాటలేదు. ఫోనులో నైనచో దాని ప్రక్కను 'క్యూడ్' అని కనబడవచ్చును; వరుసలో నిలిచియున్నదని దాని భావము. లోపము మన యంత్రమునందో, ఇంటి నెట్టునందో, ఖాతాయందో యుండును.

రెండవది సెంట్ ఫోల్డరు. సామాన్యముగా జాబు ఇక్కడికి చేరినయెడల మన సర్వరు దానిని తీసికొన్నదని యర్థము. అవతలివారికి కనబడనిచో స్పాము ఫోల్డరులో చూడుడని వారికి ఫోనులో చెప్పవలెను. మన రౌటరును నిందింప పనిలేదు.

మూడవది తిరుగుటపా. 'మెయిల్ డెలివరీ సబ్‌సిస్టమ్' అనియో, 'మెయిలర్ డీమన్' అనియో పేరుగల జాబు మనకే తిరిగి వచ్చును. దానిని చూచి భయపడి తీసివేయకుడు. కారణము అందులోనే వ్రాసియుండును. అందలి మూడంకెల సంఖ్యను చూడుడు. 4తో మొదలైనచో అది తాత్కాలికమైన ఆటంకము. సర్వరు తనంతట తానే మఱల ప్రయత్నించును. ఇట్లు నాలుగైదు దినములవఱకు ప్రయత్నించుట కలదు. 5తో మొదలైనచో అది గట్టి తిరస్కారము. మనము సరిదిద్దిననే గాని పోదు. 550 సామాన్యముగా అట్టి చిరునామా లేదని చెప్పును; అక్షరములను మఱల సరిచూడవలెను. ఒక్కొక్కప్పుడు అవతలి సర్వరు జాబును నిరాకరించినను ఇదే సంఖ్య వచ్చును గాన, ప్రక్కనున్న వాక్యమును కూడ చదువుడు. 552 జాబు బరువు మించినదనియో, పెట్టెలో చోటు లేదనియో చెప్పును. 535 అను సంఖ్య జాబు పంపునప్పుడే తెరపై కనబడును. యూజర్‌నేమునో, పాస్‌వర్డునో సర్వరు అంగీకరింపలేదని యర్థము.

నాలుగు పరీక్షలు

జాబు ఔట్‌బాక్సులోనే యున్నయెడల ఈ క్రింది పరీక్షలు చేయుడు. ఒక్కొక్క పరీక్షయందు ఒక్క సంగతినే మార్చవలెను. ఒకేసారి నాలుగింటిని కదలించినచో జాబు పోయినను దేనివలన పోయినదో తెలియదు. మఱల చెడినప్పుడు మఱల మొదటినుండి వెదకవలసివచ్చును. పరీక్షకై మీకు మీరే ఒక చిన్న జాబు వ్రాసికొనుడు. 'పరీక్ష 1', 'పరీక్ష 2' అని శీర్షికలు పెట్టుడు. ఫోటోలు చేర్పకుడు.

మొదటి పరీక్ష: మెయిలు ప్రోగ్రామును విడిచి, బ్రౌజరులో మీ ఖాతాను తెఱచి అక్కడినుండి పంపుడు. పోయినచో ఖాతా మంచిదే. లోపము ప్రోగ్రాము సెట్టింగులలోనో, దాని దారిలోనో యున్నది. గడువు దగ్గఱపడిన జాబును వెంటనే ఈ దారిని పంపివేసి, తక్కిన విచారణను నెమ్మదిగా సాగింపవచ్చును. బ్రౌజరునుండియు పోనియెడల, తెరపై కనబడు వాక్యమును ఒక కాగితముపై నున్నదున్నట్లు వ్రాసికొనుడు.

రెండవ పరీక్ష: ఇంటి వైఫైని ఆపి, ఫోనులోని మొబైల్ డేటాతో పంపుడు. కంప్యూటరైనచో ఫోను హాట్‌స్పాటునకు కలుపుడు. వైఫైతో పోని జాబు మొబైల్ డేటాతో పోయినచో లోపము ఇంటి నెట్టునందున్నది. రెండింటను పోనిచో ఇంటి నెట్టు నిర్దోషి కావచ్చును. సెట్టింగులను, పాస్‌వర్డును చూడవలెను.

మూడవ పరీక్ష: అదే వైఫైతో ఇంటిలోని మఱియొక యంత్రమునుండి మీ ఖాతాతోనే పంపుడు. అది పోయినచో మొదటి యంత్రమునందే దోషము.

నాలుగవ పరీక్ష: రౌటరు స్విచ్చి నాపి, ఒక నిమిషము ఆగి మఱల వేయుడు. దీపములన్నియు కుదురుకొన్న తరువాత ప్రయత్నింపుడు. ఇది పామరపు ఉపాయముగా దోచును గాని పెక్కుసారులు పనిచేయును.

పోర్టు సంఖ్యలు

వైఫైతో పోక మొబైల్ డేటాతో పోవుటకు ముఖ్యమైన కారణ మొకటి కలదు. ఎస్.ఎం.టి.పి.కి మొదట నేర్పడిన ద్వారము 25వ పోర్టు. ఇండ్లలోని కంప్యూటర్లలో వైరసులు చొరబడి, యజమానులకు తెలియకుండ ఈ ద్వారమునుండి దొంగ జాబులను పంపసాగినవి. అందుచే ఇంటర్నెట్టు ఇచ్చు కంపెనీలు పెక్కు, గృహములకిచ్చు కనెక్షనులలో 25వ పోర్టును మూసివేసినవి. ఇది మన మీద కక్షకాదు, వీథికంతటికి కావలి.

ఇంటివారు జాబులు పంపుకొనుటకు వేఱు ద్వారములు కలవు. 587వ పోర్టును ఈ పనికై 1998లో ప్రత్యేకించిరి. మొదటినుండియు గుప్తలిపిలో నడచు 465వ పోర్టును వాడుమని 2018లో ఇంటర్నెట్టు ప్రమాణముల సంఘమువారు సిఫారసు చేసిరి. కావున సెట్టింగులలో 'అవుట్‌గోయింగ్ సర్వర్' అనుచోట 25 అని యున్నచో దానిని మార్చవలెను. 587 పెట్టినచో భద్రత యనుచోట 'స్టార్ట్ టి.ఎల్.ఎస్.' అనియు, 465 పెట్టినచో 'ఎస్.ఎస్.ఎల్.' లేక 'టి.ఎల్.ఎస్.' అనియు ఎన్నుకొనుడు. ఈ జతలను తారుమారు చేసినచో జాబు కదలదు. జీమెయిలు వాడువారికి ఈ రెండు పోర్టులును పనిచేయును. ఇతరులు తమ మెయిలు కంపెనీ సహాయపుటలో చూచి, ఆ సంఖ్యనే పెట్టవలెను.

థండర్‌బర్డు వాడువారు అకౌంట్ సెట్టింగులలో అన్నింటికి క్రింద ఈ 'అవుట్‌గోయింగ్ సర్వర్' అను మాటను చూడగలరు. పాత ఔట్‌లుక్కు వాడువారు 'నా అవుట్‌గోయింగ్ సర్వరుకు అథెంటికేషన్ కావలెను' అను భావముగల గడిలో టిక్కు ఉన్నదా యని చూడవలెను. ఆ టిక్కు లేనిచో జాబులు వచ్చుచునే యుండును, పోవు.

ఇంటర్నెట్టు కంపెనీని మార్చిన యిండ్లలో మఱియొక చిక్కు కలదు. కొందఱి ప్రోగ్రాములలో పంపు సర్వరుగా పాత కంపెనీ సర్వరే యుండిపోవును. ఆ సర్వరు తన కనెక్షనుపై నున్నవారి జాబులనే తీసికొనునదైనచో, మనము వేఱొకరి కనెక్షనునుండి పంపినవానిని త్రోసివేయును. కనెక్షను మార్చిన దినమే చిక్కు మొదలైనచో మొదట దీనినే అనుమానింపుడు.

పాస్‌వర్డు చిక్కులు

పాస్‌వర్డును మార్చితిమి, బ్రౌజరులో క్రొత్తది వేసితిమి, ప్రోగ్రాములో వచ్చు దారికిని క్రొత్తదే యిచ్చితిమి. పోవు దారియందు మాత్రము పాతది నిలిచియున్నది. ఇది తఱచుగా జరుగు సంగతి. రెండు చోట్లను సరిచూడుడు.

ఇక జీమెయిలువారు 2022 మే 30వ తేదీనుండి, మామూలు పాస్‌వర్డు మాత్రమే తెలిసిన పాత ప్రోగ్రాములను లోనికి రానిచ్చుట మానుకొనసాగిరి. క్రొత్త ప్రోగ్రాములు గూగులు పుటను తెఱచి, అక్కడనే మన యనుమతిని తీసికొనును. ఆ విధానము తెలియని పాత ప్రోగ్రాములకై, రెండంచెల ధ్రువీకరణమును పెట్టుకొనినవారు 16 అక్షరముల 'యాప్ పాస్‌వర్డు' నొకదానిని తమ ఖాతానుండి పొందవచ్చును. అసలు పాస్‌వర్డు సరిగానే యున్నను పాత ప్రోగ్రాము దానిని తప్పని చెప్పుచున్నయెడల కారణ మిదియే కావచ్చును.

బరువు, చోటు, గడియారము

జీమెయిలునుండి పంపు జాబునకు 25 మెగాబైట్లు పరిమితి. అయితే ఫోటోలను జాబుతో చేర్చినప్పుడు వానిని అక్షరముల రూపమునకు మార్చవలసియుండును. ఆ మార్పులో 3 పాళ్లున్నది 4 పాళ్లగును. కావున 20 మెగాబైట్ల ఫోటోలు దారిలో దాదాపు 27 మెగాబైట్లగును. 18 మెగాబైట్లకు మించకుండ చూచుకొనుట క్షేమము. పెండ్లి ఫోటోలు నలువదింటిని ఒకే జాబులో కుక్కినచో అది కదలకపోవుటయే గాక, కొన్ని ప్రోగ్రాములలో వెనుకనున్న చిన్న జాబులను కూడ ఆపివేయును. ఔట్‌బాక్సులో ముందున్న ఆ బరువైన జాబును తీసివేసి చూడుడు. తక్కినవి వరుసగా సాగిపోవును.

గూగులు ఖాతాలో ఉచితముగా నిచ్చు చోటు 15 గిగాబైట్లు. జాబులు, ఫోటోలు, డ్రైవులోని కాగితములు అన్నియు నిందులోనే యిమిడియుండవలెను. ఇది నిండినచో జాబులు రావు, పోవు. పాత వీడియోలను తీసివేసి, చెత్తబుట్టను కూడ ఖాళీ చేయవలెను.

యంత్రపు గడియారమును కూడ చూడుడు. సర్వరు చూపు ధ్రువపత్రమునకు తేదీల హద్దులుండును. మన కంప్యూటరు తేదీ ఏండ్ల వెనుక నున్నయెడల ఆ పత్రము చెల్లదని తలంచి, అది సర్వరుతో మాటాడుటనే మానివేయును. పాత కంప్యూటర్లలో గడియారపు బ్యాటరీ యయిపోయినప్పుడు ఇట్లు జరుగును. 'ఆఫ్‌లైన్' అను మీట పొరపాటున నొక్కబడియున్నదేమో, వి.పి.ఎన్. నడచుచున్నదేమో కూడ చూడుడు. వైరసులను పట్టు ప్రోగ్రాములు కొన్ని, పోవు జాబులను నిలిపి పరీక్షించుచు అక్కడనే చిక్కుపడును. పరీక్షకై ఆ జాబుల తనిఖీని మాత్రమే ఐదు నిమిషము లాపి చూచి, మఱల తప్పక వేయవలెను.

సహాయము కోరునప్పుడు

ఇన్నియు చూచినను జాబు పోనియెడల సహాయము కోరుటలో చిన్నతనము లేదు. కోరు విధము మాత్రము తెలిసియుండవలెను. కస్టమర్ కేర్ నంబరును గూగులులో వెదకి, మొదట కనబడినదానికి ఫోను చేయకుడు. మోసగాండ్రు పెట్టిన నంబర్లు అందు కలిసియుండును. ఇంటర్నెట్టు బిల్లుపైనో, ఆ కంపెనీ సొంత యాప్‌లోనో యున్న నంబరునే వాడుడు. మీ తెరను దూరమునుండి చూచు యాప్‌ను వేసికొనుమని తెలియనివారు చెప్పినచో వెంటనే ఫోను పెట్టివేయుడు. ఓ.టి.పి.ని, పాస్‌వర్డును నిజమైన ఉద్యోగి యెవ్వడును అడుగడు. మోసములో డబ్బు పోయినచో ఆలసింపక 1930 నంబరునకు ఫోను చేయవలెను. మరమ్మతువాడు ఇంటికి వచ్చినను ప్రక్కను కూర్చుండి, పాస్‌వర్డును మీ చేతితోనే కొట్టుడు.

మీరు చేసిన నాలుగు పరీక్షల ఫలితములను కాగితముపై నుంచుకొని ఫోను చేసినచో సంభాషణయే మాఱిపోవును. 'మెయిలు పోవుట లేదు' అన్నచో అవతలివారు గంటసేపు ప్రశ్నింతురు. 'మొబైల్ డేటాతో పోవుచున్నది, ఇంటి వైఫైతో పోదు, పోర్టు 587, తెరపై వచ్చిన వాక్య మిది' అన్నచో వారికి వెంటనే దారి దొరకును. మీ మాటకు గౌరవమును కలుగును.

పాలవాని లెక్క, చాకలి పద్దు వ్రాసికొను పుస్తకములో ఒక పుటను దీనికై విడువుడు. వచ్చు సర్వరు పేరు, పోవు సర్వరు పేరు, పోర్టు సంఖ్యలు, ఇంటర్నెట్టు కంపెనీ నంబరు, చిక్కు వచ్చిన తేదీ, అది తీరిన విధము వ్రాసియుంచుడు. పాస్‌వర్డును మాత్రము అందు వ్రాయకుడు. ముఖ్యమైన జాబును గడువునకు రెండు దినములు ముందే పంపి, సెంట్ ఫోల్డరులో చూచి, అందినదా యని అవతలివారిని ఒక్క మాట అడుగుడు. ఈ నెలలో తీరికగా నున్న యొక మధ్యాహ్నము, చిక్కేమియు లేనప్పుడే, మీ ఔట్‌బాక్సును ఒకమాఱు తెఱచి చూడుడు. అక్కడ మీరు పోయినదనుకొన్న జాబు ఏదైన నిలిచియున్నదేమో!